శామీర్‌పేటకు పోయే అట్టముక్క

మా అక్క మీద నాకు ఈర్ష్య. ఒకప్పుడు ఉండేది అని చెప్పి తప్పించుకోవచ్చు గానీ అది అబద్ధం, ఇప్పటికీ ఉంది. ఆస్తి గురించి కాదు, మా ఇంట్లో పంచుకునేంత ఆస్తి లేదు. రంగు గురించి.

మా నాయిన మేడ్చల్‌లో ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రీ. పదో తరగతి తప్పాక నేనూ ఆయన వెంటే బ్రష్షు పట్టాను. తొంభైల్లో కొంపల్లి వైపు కొత్త ఇళ్ళు లేస్తుంటే మాకు ఊపిరాడని పని. మీట నొక్కితే రంగు కలిపిచ్చే మిషన్లు మా దుకాణాలకు ఇంకా రాలేదు. తెల్లరంగు డబ్బా తెచ్చుకోవాలి, చిన్న సీసాల్లో దొరికే చిక్కటి రంగులు అందులో చుక్కచుక్కగా వేసి కర్రతో తిప్పాలి, అడిగిన ఛాయ వచ్చేదాకా. ఇంటావిడ ఒక జాకెట్ గుడ్డ ముక్క చేతిలో పెట్టి "గిదే కలర్ రావాలె" అని లోపలికి పోయేది. గుడ్డ ఆవిడది, చావు మాది.

అక్కకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. పెళ్ళికి ముందు, నాయిన వాకిట్లో రంగు కలుపుతుంటే తను చేటలో బియ్యం ఏరుతూ, తల పూర్తిగా ఎత్తకుండానే "నాయినా, నీలం ఎక్కువైంది" అనేది. ఎక్కువయ్యే ఉండేది. నాయిన మురిసిపోయేవాడు. "నా బిడ్డయి కండ్లు గావు, తరాజు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. నేను ఎండలో నిచ్చెనెక్కి గోడలకు గోడలు గీకి, పగుళ్ళూ గుంటలూ పూడేలా లప్పం పెట్టి, నున్నగా రుద్దేవాణ్ని. ఆ గోడల గురించి ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అక్కను శామీర్‌పేటకు ఇచ్చారు. అప్పగింతలప్పుడు అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే లోపల ఒక మాట అనుకున్నాను: ఇక నాయిన నన్ను అడగాల్సిందే.

కొన్నేళ్ళకు అడగక తప్పని పరిస్థితి వచ్చింది కూడా. ఆయన కళ్ళకు శుక్లాలు పట్టాయి. తెల్లగోడ పసుపుగా కనిపించేది, నీలానికీ ఆకుపచ్చకూ తేడా తెలిసేది కాదు. ఆపరేషన్ చేయించుకోమంటే "సూద్దాం తియ్" అనేవాడు. నేను పక్కనే ఉన్నాను, రెండు కళ్ళూ బాగున్నవాణ్ని. ఆయన ఏం చేశాడు? మిఠాయి డబ్బా అట్ట చింపి, నేను కలిపిన రంగు దానిమీద పూసి, ఆరనిచ్చి, గుడ్డముక్కతో పాటు జేబులో పెట్టుకుని షేర్ ఆటోలో శామీర్‌పేట పోయాడు. అక్కకు చూపించడానికి.

ఒకసారి పోతే సరే అనుకోవచ్చు. ప్రతి కొత్త ఇంటికీ ఇదే తంతు. "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటరు గద" అని అమ్మ నన్ను చూసి నవ్వేది. నాకు నవ్వు రాలేదు.

కొంపల్లిలో ఒక ఇంటి హాలుకు వంగపూత రంగు అడిగారు. ప్రాణం పెట్టి కలిపాను. నాయిన అట్ట తీసుకుని పోయాడు. డబ్బా ముందు పెట్టుకుని నేను ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. ఇంటాయన వచ్చి చూసి పోతున్నాడు, పని మొదలుకాదు. పొద్దు వాలాక నాయిన వచ్చాడు.

"ఎర్రదనం జర్ర ఎక్కువున్నదంట. ఒక్క సుక్క ఆకుపచ్చ ఏస్తె సరిపోతదంట."

"నేను పొద్దుగాల్నుంచి గీడ్నే ఉన్న గద నాయినా. నన్ను అడగొద్దా?"

"కలిపినోనికి ఆని తప్పు కండ్లవడదురా" అన్నాడు.

ఆకుపచ్చ చుక్క వేశాను. తిప్పి, గోడ మీద రాసి, ఆరాక గుడ్డ ఆనించి చూశాను. అచ్చంగా కలిసింది. కలవకపోతే ఎంత బాగుండేదో.

ఆ ఉక్రోషంతోనే నేర్చుకున్నాను. మిగిలిన రంగులన్నీ ఇంటికి తెచ్చి, పొద్దున వెలుతురులో ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి చూసుకునేవాణ్ని. తడిమీద ఒకలా ఉన్న రంగు ఆరాక ఎంత మారుతుందో, ఏది ఎక్కువైతే దేనితో విరగ్గొట్టాలో పట్టుబడింది. అక్క పుట్టింటికి వచ్చినప్పుడు "తమ్మీ, మస్తు కలుపుతున్నవంట గద" అని భుజం తట్టింది. తిట్టినా ఇంత కోపం వచ్చేది కాదు.

చివరికి అమ్మ పోరు పడలేక నాయిన ఆపరేషన్ చేయించుకున్నాడు. కట్టు విప్పాక ఇంటి గోడ చూసి "సున్నం గింత తెల్లగుంటదారా" అన్నాడు. ఆయనకంటే నాకే ఎక్కువ సంతోషం. ఇక ఆయన కళ్ళు ఆయనకున్నాయి, అక్క కళ్ళతో పనిలేదు.

తర్వాత దొరికిన మొదటి పని కూడా కొంపల్లిలోనే. గంధం రంగు. కలిపి ఇచ్చాను. నాయిన గోడమీద కొంచెం రాసి, ఆరేదాకా నిలబడి, కిటికీ తలుపు పూర్తిగా తీసి గుడ్డతో సరిచూశాడు.

"మంచిగ కలిపినవ్ బిడ్డా. సుక్క తక్కువ లేదు, సుక్క ఎక్కువ లేదు."

ఈ మాట కోసం ఎన్నేళ్ళు కళ్ళలో నిప్పులు పోసుకున్నానో నాకే తెలుసు. అంతలో ఆయన మూలనున్న అట్టపెట్టె ముక్క చింపి, దానిమీద రంగు పూయడం మొదలుపెట్టాడు.

"మల్ల గదేంది?"

"మీ అక్కకు సూపిస్త."

"కలిసిందని నువ్వే అంటివి గద నాయినా."

"కలిసింది. రంగుల తప్పేం లేదు." నా వైపు చూడకుండా అట్టను నోటితో ఊదాడు. "పండుగ లేదు పబ్బం లేదు, బిడ్డ ఇంటికి ఊకె ఎట్ల పోవాలెరా? పోయి కూసుంటె వియ్యపురాలు ఏమనుకుంటది? గిది సేతుల ఉంటె పనిమీద వచ్చిండనుకుంటది. జర్రంత సేపు దాన్ని సూసి వస్త."

"ఇన్నొద్దులు గిందుకేనా?"

"కండ్లు కనవడనప్పుడు రంగుకు గూడ" అన్నాడు. "అప్పుడు రెండూ."

మేడ్చల్‌కు పోయి, అక్కడ శామీర్‌పేట ఆటో పట్టుకోవడానికి బయల్దేరాడు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. తడి రంగు అంగీకి అంటకుండా అట్టను దూరంగా పట్టుకుని, రోడ్డు మీద వేగంగా నడుస్తున్నాడు. పనికి వచ్చేటప్పుడు ఆయన అలా నడవగా నేను చూడలేదు.

రంగుల్లో అక్కతో సమానమయ్యాను, ఆ రోజుతో తేలిపోయింది. ఏం లాభం? నేను తెల్లవారితే ఆయన పక్కనే ఉంటాను. నన్ను చూడడానికి మా నాయిన ఏ సాకూ వెతుక్కోనక్కర్లేదు, ఎన్నడూ వెతుక్కోలేదు.