ఎనిమిది చేపలు, నీటి మీద నాన్న

మా చిన్నప్పుడు నాన్న వేటకెళ్ళాడంటే చాలు... పొద్దున్నే లేచి, పళ్ళు కూడా తోముకోకుండా, అద్దాల తొట్టి ముందు కూర్చుని చేపలు లెక్కపెట్టేదాన్ని. నల్ల మోలీలు రెండు, గప్పీలు ఐదు, ఎర్ర ప్లాటీ ఒకటి. మొత్తం ఎనిమిది. ఎనిమిదీ కదులుతున్నాయంటే నాన్న బాగున్నట్టే!

ఈ లెక్క నా బుర్రలోకి ఎక్కించింది మా నానమ్మ.

వండూర్‌లో మాది చేపలు పట్టే కుటుంబం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి ఈ దీవులకి వచ్చినవాళ్ళం. గరాచర్మలో ఉండే ఆఫీసరు గారొకరు బదిలీ అయి వెళ్తూ, చేపలతో సహా ఆ తొట్టిని నాన్నకి ఇచ్చేశారు. నానమ్మ గుమ్మంలోనే అడ్డుపడింది.

"సాపల్ని పడతాం, అమ్ముతాం, తింటాం... పెంచుతారేట్రా ఎక్కడైనా? నువ్వు నీటి మీదుండగా ఇంట్లో పెంచిన పేణం ఒకటి పోయిందంటే ఏటవుద్దో తెల్సా?"

నాన్న నవ్వేశాడు. "నేను పట్టే సాపలన్నీ నన్ను సూసి పారిపోతాయమ్మా. ఇవి దగ్గరికొస్తన్నాయి. ఉండనీ."

ఆయనకి నవ్వొచ్చింది గానీ నాకు రాలేదు. ఆ మాట నా గుండెల్లో మేకులా దిగిపోయింది.

ఆ చేపలు మాత్రం ఎంత సాధువులో... ఒకదాన్నొకటి కరవవు, తరమవు. గుడ్లు కూడా పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి "పులుసుకి సరిపోతాయా?" అని నన్ను ఏడిపించేవారు.

నేను ఐదో క్లాసులో ఉండగా, వేసవి చివర్లో... రెండు రోజుల్లో వచ్చేస్తానని నాన్న మా చిన్న పడవ, డింగీ మీద వెళ్ళాడు. మూడో రోజు కూడా రాలేదు. గాలి ముదిరింది. జెట్టీ దగ్గర పడవలన్నీ ఆపేశారని చెప్పుకుంటున్నారు. మా ఇంట్లో ఫోన్ లేదు, నాన్న దగ్గర అసలే లేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని అమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుని గరాచర్మ బస్సెక్కింది.

కుళాయి వచ్చి కూడా నాలుగు రోజులైంది. తొట్టిలో నీళ్ళు ఎండకి తగ్గిపోయి, పచ్చగా మురిగాయి. కడుపుతో ఉన్న నల్ల మోలీ అడుగున ఒక మూల పడి ఉంది. రెండు చెంబులు మంచినీళ్ళు పొయ్యనా అని నానమ్మని అడిగాను.

"తాగడానికే నేవు. సాపకి సముద్రం నీళ్ళు సాలవేటే?"

నిజమే కదా అనిపించింది! మా ఇంట్లో చేపంటే సముద్రం చేపే. బకెట్ పట్టుకుని తీరానికి పరిగెత్తాను. నాన్న ఉన్న నీళ్ళే కదా, మేలే చేస్తాయనుకున్నాను... మోసుకొచ్చి తొట్టి నిండా పోసేశాను.

కాసేపటికి గప్పీలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. ఒకటి పక్కకి ఒరిగి గిరగిరా తిరిగింది.

పక్కింటి బెంగాలీ దీదీ వాళ్ళకి పెరట్లో చేపల చెరువుండేది. ఏడుస్తూ వెళ్ళి ఆవిణ్ణి లాక్కొచ్చాను. తొట్టిలో వేలు ముంచి నాలుకకి రాసుకుని ఒక్క అరుపు అరిచింది.

"అరే పగలీ! యే తో మీఠే పానీ కీ మచ్ఛీ హై! మర్ జాయేగీ!"

మంచినీళ్ళ చేపలట... చచ్చిపోతాయట. ఆవిడ చేపల గురించే అంది. నాకు మాత్రం డింగీలో నాన్న మొహమే కళ్ళ ముందుకొచ్చింది.

దీదీ సగం నీళ్ళు తోడేసి, చెరువు నీళ్ళు తెచ్చి గ్లాసు గ్లాసుగా పోయడం మొదలెట్టింది. "ధీరే ధీరే... ఒకేసారి పోస్తే ఇంకా చస్తాయి" అంటూ మధ్యాహ్నమంతా మా ఇంట్లోనే ఉంది. వెళ్తూ గుప్పెడు నాచు కూడా వేసింది.

నారింజ తోక గప్పీ బతకలేదు.

గుప్పిట్లో దాచుకుని వెళ్ళి పెరట్లో మునగచెట్టు కింద పాతిపెట్టాను. ఇక తొట్టిలో ఏడే... ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఏడే. నాన్నని నేనే చంపేశాననుకున్నాను. అన్నం ముట్టలేదు. నానమ్మ ఎందుకని అడగలేదు. గుమ్మంలో సముద్రం వైపు తిరిగి కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున్న నాచులో ఏదో కదిలింది. జీలకర్ర గింజల్లా నల్లటి పిల్లలు... తొమ్మిది! రెండు చేతులూ జోడించి దేవుడితో బేరం పెట్టాను. ఒకటి పోతే తొమ్మిదొచ్చాయి కదా స్వామీ, ఆ ఒక్కదాన్నీ మర్చిపో, మా నాన్నని పంపించెయ్...

మధ్యాహ్నానికి నాన్న వచ్చాడు! గాలికి జడిసి మడ అడవి కాలువలో డింగీ కట్టేసుకుని ఉన్నాడట. ఒళ్ళంతా ఉప్పు కట్టి ఉంది. నేరుగా తొట్టి దగ్గరికెళ్ళి కూర్చున్నాడు.

"నారింజ తోకది ఏదే?"

నేను నోరు తెరిచేలోపే నానమ్మ అందుకుంది. "ఆ నాచులో ఎక్కడో దూరుంటాదిరా. ముందు నువ్వు అన్నం తిను."

ముసలావిడకి కళ్ళు సరిగ్గా కనబడలేదేమో, బతికిపోయాననుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత, మంచం పట్టిన రోజుల్లో, తనంతట తనే చెప్పింది.

"మునగసెట్టు కింద నువ్వు కప్పెట్టడం సూసేనే. అడిగితే నువ్వు సెప్తావు... సెప్తే నేను నమ్మాలి. అందుకే అడగనేదు."

ఇప్పుడు నానమ్మ లేదు. నాన్న వేట మానేశాడు. నేను గరాచర్మలో ఉంటున్నాను. ఫిల్టరు, లైటు ఉన్న పెద్ద తొట్టి, అందులో ఆ నల్ల మోలీ సంతతే. చేతిలో ఫోను, గంటకోసారి వాతావరణం కబురు... అన్నీ ఉన్నాయి. వేటకి మాత్రం తమ్ముడు వెళ్తున్నాడు.

వాడు నీటి మీదుండగా ఈ రోజు మళ్ళీ గాలి లేచింది. పొద్దుటి నుంచి తొట్టి మీద దుప్పటి కప్పేసి ఉంచాను. లెక్కపెట్టే ధైర్యం లేదు.

మీ ఇళ్ళల్లో మనిషి రావడం ఆలస్యమైతే చిన్నప్పుడు దేన్ని చూసి గుండె దిటవు చేసుకునేవారు? కాస్త చెప్పండి... తమ్ముడొచ్చేదాకా చదువుకుంటూ కూర్చుంటాను.