అడవిపందిలో దొరికిన బుల్లెట్

1996లో ప్రమోషన్ మీద నన్ను హైదరాబాదు నుంచి విశాఖపట్నం ఫోరెన్సిక్ ప్రయోగశాలకు బదిలీ చేశారు. హోదా సైంటిఫిక్ ఆఫీసర్, విభాగం బాలిస్టిక్స్. అంటే తుపాకులు, తూటాలు, అవి చేసిన గాయాలు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి కాబట్టి ఊరు నాకు కొత్త కాదు. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ నాటు తుపాకులే. ఫ్యాక్టరీలో తయారైన వేట రైఫిల్ ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. అలాంటిది 2004 చలికాలంలో ఒకేసారి రెండు వచ్చాయి. వాటి వెంట నేరం లేదు, నిందితుడు లేడు, ఒక ప్రశ్న మాత్రం ఉంది.

ప్రశ్న పంపింది అటవీశాఖ డివిజనల్ అధికారి. ఊరికి ఉత్తరాన కొండల వార పల్లెల్లో అడవిపందులు చెరుకుతోటల్ని, వేరుశనగ చేలని దున్నేస్తుంటే, లైసెన్సు ఉన్న ఇద్దరు ముగ్గురికి వాటిని కాల్చే అనుమతి ఇచ్చారు. వారిలో శామ్యూల్ గారు పెద్దాయన. పోర్టులో ఓడల్ని లాగే టగ్ పడవ నడిపి రిటైరయ్యారు, వన్ టౌన్‌లో చర్చి వెనక ఇల్లు. ఆయన దగ్గర ఉన్నది పాత త్రీ-వన్-ఫైవ్ రైఫిల్. మన దేశంలో వేట తుపాకీ అంటే చాలాకాలం అదే. రెండో ఆయన వర్మ గారు, స్టీల్ ప్లాంట్ వైపు కాంట్రాక్టులు చేసేవారు. అప్పుడప్పుడే మన మార్కెట్లోకి వచ్చిన థర్టీ-ఓ-సిక్స్ రైఫిల్ ఆయన కొనుక్కున్నారు.

ఒకరోజు తెల్లవారుజామున శామ్యూల్ గారు కాల్చిన పంది పడలేదు. గాయంతో చెరుకులోకి దూరింది. తోట కౌలుదారు సింహాచలం దాన్ని చూద్దామని లోపలికి వెళితే అది మీదపడి తొడ చీల్చేసింది. కేజీహెచ్ ఆసుపత్రిలో చాలా కుట్లు పడ్డాయి, వారాల తరబడి మంచం మీద ఉన్నాడు. పంది మర్నాడు అదే తోటలో చచ్చి కనిపించింది. పశువైద్యుడు దాన్ని కోసి బుల్లెట్ తీసి, సీలువేసిన కవరులో పెట్టారు.

ఆ పల్లెలో అందరూ ఒకే మాట అన్నారట. పాత తూటాకు బలం లేదు, కొత్త తూటా అయితే పంది అక్కడికక్కడే పడేది అని. ఇకమీదట కొత్త రకం ఉన్నవాళ్లకే అనుమతి ఇవ్వాలని అర్జీ పెట్టుకున్నారు. అది నిజమా కాదా చెప్పమని అధికారి మమ్మల్ని అడిగారు. అడుగుతూనే, శామ్యూల్ గారు తనకు చాలా ఏళ్లుగా తెలుసని, ఆయన మీద మచ్చ పడకుండా ఉంటే బాగుంటుందని ఫోనులో అన్నారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నెపం తూటా మీదికి పోతే అందరికీ సులువు.

జనం తూటా అని ఒకే మాట అంటారుగానీ అందులో నాలుగు వస్తువులుంటాయి. ఇత్తడి డొల్ల, దాని అడుగున నిప్పు రగిల్చే క్యాప్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. వేటకు వాడే బుల్లెట్‌కు కొనమీద సీసం బయటికి కనబడుతుంది. మాంసంలోకి దిగగానే ఆ కొన వెనక్కి విచ్చుకుంటుంది, పుట్టగొడుగు ఆకారంలోకి వస్తుంది. గాయం చేసేది ఆ విచ్చుకోవడమే. అది విచ్చుకోవాలంటే తగినంత వేగంతో తగలాలి. నెమ్మదిగా వచ్చిన బుల్లెట్ దాదాపు పుట్టినట్టే ఉండిపోతుంది.

ముందు వేగం కొలిచాం. మా షూటింగ్ గదిలో తుపాకీ ముందు రెండు తెరలు పెట్టి, బుల్లెట్ ఒకదాన్నుంచి రెండోదానికి పోయే కాలాన్ని యంత్రం లెక్కగడుతుంది. వర్మ గారి కొత్త తూటా పాతదానికంటే దాదాపు పావువంతు ఎక్కువ వేగంతో పోయింది. అది నిజమైన తేడాయే, నేను తక్కువ చేసి చెప్పను. అయితే శామ్యూల్ గారి తూటాల్లో ఇంకో సంగతి బయటపడింది. కొన్ని సరిగ్గానే పోయాయి, కొన్ని బాగా వెనకబడ్డాయి. ఒకటైతే క్యాప్ పేలిన క్షణం తర్వాత గానీ మందు అంటుకోలేదు. అవి ఎప్పుడో కొన్న సరుకు, సముద్రపు గాలి తగిలే ఇంట్లో బీరువాలో ఏళ్ల తరబడి ఉన్నాయి. డొల్లల మెడల దగ్గర పచ్చటి చిలుము పట్టి ఉంది.

అనుమానం తీరాలని డీలరు దగ్గర్నుంచి అదే పాత రకంలో తాజా తూటాలు తెప్పించి కాల్చాను. అవన్నీ ఒకే వేగంతో పోయాయి. కండరానికి బదులుగా మేం వాడే జెలటిన్ దిమ్మలోకి కాల్చినప్పుడు, పందిని పడగొట్టడానికి కావలసినదానికన్నా లోతుగానే దిగి చక్కగా విచ్చుకున్నాయి. అంటే ఊళ్లో జనం కొత్తదానికీ పాతదానికీ తేడా అనుకుంటున్నదాంట్లో ఒక భాగం తాజా సరుకుకూ నిలవ సరుకుకూ ఉన్న తేడా. ఈ మాట అధికారికి చెప్పాను. ఆయన గొంతులో బరువు దిగిపోయింది. అయితే నిలవ తూటా వల్లే పంది పడలేదని రాసేయవచ్చు కదా అన్నారు.

నేను కవరులోని బుల్లెట్ ఇంకా చూడలేదని చెప్పాను.

మర్నాడు దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఒక పక్క శామ్యూల్ గారి పెట్టెలోని నెమ్మది తూటా నుంచి దిమ్మలో దొరికిన బుల్లెట్, ఇంకో పక్క తాజా తూటా నుంచి దొరికినది. మొదటిదాని కొన కాస్త నలిగిందంతే. రెండోది నిండుగా విచ్చుకుంది. పందిలో దొరికినది అచ్చం రెండోదానిలా ఉంది. శామ్యూల్ గారి పెట్టెలో చెడిపోయిన తూటాలున్న మాట వాస్తవమే, కానీ ఆ ఉదయం ఆయన చేతికి వచ్చింది మంచి తూటా. అది చేయవలసిన పని చేసింది. పశువైద్యుడి నివేదిక మళ్లీ చదివాను. బుల్లెట్ దొరికింది భుజం వెనకనున్న గుండె దగ్గర కాదు. పొట్టలో, పేగుల మధ్య. అక్కడ తగిలితే ఎంత కొత్త తూటా అయినా పంది వెంటనే పడదు.

గురి ఎందుకు తప్పిందో ప్రయోగశాలలో కూర్చుని చెప్పలేం. చోటు చూడాలని అధికారిని అడిగాను. అదే తోటకు, అదే వేళకు వెళ్లాం. అధికారి, వర్మ గారు, శామ్యూల్ గారు వచ్చారు. సింహాచలం చంకకర్రతో గట్టు మీదికి వచ్చి కూర్చున్నాడు. మంచు ఇంకా చెరుకు ఆకుల మీద ఉంది. అటవీశాఖ గార్డు ఒకతను గోనెసంచిలో గడ్డి కూరి, పంది ఎత్తున, తలా తోకా తెలిసేలా కట్టి, ఆ రోజు పంది నిలబడిన చోట పెట్టాడు. టేపు పెట్టి కొలిస్తే అరవై గజాలు కూడా లేదు. అంత దగ్గర్లో పాత తూటా కొత్త తూటా ఒకేచోట తగులుతాయి. కొత్తదాని వేగం ఉపయోగపడేది అంతకు మూడు నాలుగింతల దూరంలో. అక్కడ పాత బుల్లెట్ కిందికి వాలిపోతుంది, కొత్తది ఇంకా తిన్నగా పోతుంది. కానీ ఆ తోటలో అంత దూరం చూపు ఆనే చోటే లేదు. ఒక పక్క చెరుకు, ఇంకో పక్క ఇళ్లు. ఆ ఇళ్ల వైపు గురి తప్పితే మటుకు కొత్త తూటాతోనే ఎక్కువ భయం. ఆ మాట నేను అనగానే వర్మ గారు ఇళ్ల వైపు తిరిగి చూశారు.

శామ్యూల్ గారిని ఆ రోజు కూర్చున్న చోటే కూర్చోమని, ఖాళీ రైఫిల్‌తో గురి చూసి ఆ గడ్డి పంది భుజం ఎక్కడుందో చెప్పమని అడిగాను. ఆయన రైఫిల్ భుజానికి ఆనించారు. కాసేపు చూసి, దించి, కుడికన్ను తుడుచుకుని మళ్లీ చూశారు. అధికారి ఆగలేక, చలికి అందరికీ కళ్లు నీరు కారుతాయి అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, ఆ తూటాలు పాతబడ్డ సంగతి మీరే చెప్పారు కదా, అది చాలదా అన్నారు.

శామ్యూల్ గారు రైఫిల్ ఒళ్లో పెట్టుకుని నన్ను అడిగారు. ‘పందిలో దొరికిన గుండు చూశారా అమ్మా? అది పాడైన తూటాదేనా?’

కాదని చెప్పాను. అది బాగా పనిచేసిందని, తగలకూడని చోట తగిలిందని చెప్పాను. నివేదిక రాసేముందు సంబంధం ఉన్నవాళ్లతో ఇలా మాట్లాడటం మా పద్ధతి కాదు. కానీ ఆయన అడిగినది సూటిగా అడిగారు, చుట్టూ ఉన్నవాళ్లందరూ ఆ జవాబు వినవలసినవాళ్లే.

ఆయన తల ఊపారు. ‘అయితే తూటా మీద పెట్టకండి. నాకు కుడికన్ను మసక. శుక్లం ముదిరింది, తీయించుకోమని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ పొద్దు నాకు పంది నల్లగా కనిపించింది అంతే. ముందుభాగం ఏదో వెనకభాగం ఏదో తెలీలేదు. తెలీకుండానే నొక్కేశాను.’

అధికారి నేలవైపు చూస్తున్నారు. మాట్లాడింది సింహాచలం. కోపం లేదు, గొంతు పెంచలేదు.

‘తగిలినాది, పడిపోయుంటాదని తమరే సెప్పినారు బాబూ. ఆ మాట మీదే నాను సెరుకులోకి ఎల్లినాను. ఎక్కడ తగిల్నాదో తెలీదని సెప్పుంటే గట్టు మీదే ఉండిపోదును.’

శామ్యూల్ గారు లేచి అతని దగ్గరికి వెళ్లి గట్టు మీద పక్కన కూర్చున్నారు. నీ కాలికి నాదే బాధ్యత అన్నారు. సింహాచలం కొంచెం జరిగి చోటిచ్చాడు. తోటలో మిగిలిన పందుల సంగతి ఏటని అధికారిని అడిగాడు. అతనికి కావలసింది అదే. పంట ఇంకా కోతకు రాలేదు.

పందిలో దొరికిన బుల్లెట్ బాగానే పనిచేసిందని, పొట్టలో తగలడంవల్లే పంది పడలేదని చెప్పి, నివేదికలో ఇంకో నాలుగు విషయాలు రాశాను. కొత్త తూటాకు దూరపు గురిలో నిజమైన మేలు ఉందని, ఈ తోటల దూరాల్లో ఆ మేలు లెక్కలోకి రాదని, అనుమతి ఇచ్చేముందు కాల్చేవాడి చూపు పరీక్షించాలని, నిలవ తూటాలు వాడనివ్వకూడదని. శామ్యూల్ గారి కంటి విషయం నివేదికలో నేను రాయలేదు, అది నా శాస్త్రానికి చెందిన సాక్ష్యం కాదు. ఆయనే స్వయంగా రాసి అధికారికి ఇచ్చారు. రైఫిల్ స్టేషన్లో అప్పగించారు. తర్వాత ఆపరేషన్ చేయించుకున్నారుగానీ అనుమతికి మళ్లీ దరఖాస్తు పెట్టలేదు.

చూపు పరీక్ష షరతు అమల్లోకి వచ్చింది. అర్జీ మాత్రం నెగ్గలేదు, రెండు రకాల తూటాలకూ అనుమతి కొనసాగింది. మరుసటి ఏడు అదే వరస పల్లెల్లో వర్మ గారి కొత్త తూటా తగిలిన పంది ఒకటి గాయంతో తప్పించుకుంది. ఆయన వెంటనే తోట చుట్టూ మనుషుల్ని నిలబెట్టి, ఎవరినీ లోపలికి పోనివ్వకుండా, అటవీశాఖ వాళ్లు వచ్చేదాకా అక్కడే ఉన్నారని విన్నాను. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ తర్వాత నా సర్వీసులో కొత్త తూటాలు, కొత్త తుపాకులు చాలా వచ్చాయి. ఏది మేలైనదని పోలీసు అధికారులు అడిగినప్పుడల్లా, ఎంత దూరంలో, ఏ వెలుతురులో, ఎవరి చేతిలో అని నేను ముందు అడిగేదాన్ని. చాలామందికి ఆ ప్రశ్నలు విసుగనిపించేవి. జవాబు మాత్రం ఎక్కువసార్లు వాటిలోనే దొరికేది. ఆయుధం గురించి నాకు తెలిసినది పుస్తకాల్లో నేర్చుకున్నాను. ఎక్కడ తగిలిందో తెలియనప్పుడు తెలియదని చెప్పడం కూడా ఆయుధం వాడేవాడి పనిలో భాగమేనని ఆ చెరుకుతోటలో తెలుసుకున్నాను.