హార్మోనియం మీద మైనం చుక్కలు

నా చిన్నప్పుడు ఇంటర్న్‌షిప్ అనే మాట మేం వినలేదు. పనిలో పెట్టడం అనేవారు. టెన్త్ చదువుతున్న మా మనవరాలు ఈమధ్య ఒక సంగీత సంస్థలో ఇరవై రోజులు పనిచేసి, అక్కడేం నేర్చుకుందో మూడు పేజీలు రాసి నాకు చదివి వినిపించింది. ఓర్పు నేర్చుకుందట. నలుగురితో కలిసి పనిచేయడం నేర్చుకుందట. రాత బాగానే ఉంది గానీ, మూడు పేజీల్లోనూ అది చేసిన తప్పు ఒక్కటీ లేదు. తప్పు చేయకుండా ఏం నేర్చుకున్నావే అన్నాను. "అయితే నువ్వేం తప్పు చేసేవో చెప్పు నాయనమ్మా" అంది. చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

నాకప్పుడు పదమూడో పద్నాలుగో ఏళ్లు. మా నాన్న కొబ్బరిచెట్లెక్కి కాయ దింపేవాడు. బడి మొహం నేను చూడలేదు. అమలాపురంలో ఒక సంగీత సమాజం ఉండేది. మా మేనత్త అక్కడ ఊడ్చేది. ఒకరోజు నన్ను వెంటబెట్టుకెళ్లి అక్కడి మాస్టారికి అప్పజెప్పింది. ఆయన పిల్లలకి పాట చెప్పేవారు. చుట్టుపక్కల చర్చిల్లో, భజన మందిరాల్లో హార్మోనియం పెట్టెలు పాడైతే బాగుచేసి పంపేవారు. నాకు వాయించడం నేర్పమని అడిగాను. ముందు తుడవడం నేర్చుకోమన్నారు.

సరే, తుడిచాను. చెక్కకి కొబ్బరినూనె గుడ్డ, వేళ్లతో నొక్కే మెట్లకి పిండిన తడిగుడ్డ. నెల తిరిగేసరికి, నా అంత శుభ్రంగా తుడిచేవాళ్లని తాను చూడలేదని మాస్టారు మా అత్తతో అన్నారట. ఆ మాట వినగానే నాకు కళ్లు నెత్తికెక్కాయి. కనిపించిన ప్రతి మరకా నాకు శత్రువైపోయింది.

అలా ఉండగా ముమ్మిడివరం అవతల ఒక ఊరి చర్చి నుంచి పాత హార్మోనియం వచ్చింది. దాని గాలితిత్తి చిరిగింది. మాస్టారు తిత్తి కుట్టారు, నేను తుడుపు పని చేశాను. దాని మెట్ల మీద మైనం గడ్డకట్టి ఉంది. ఒక మెట్టు మీద ఒక చుక్క, ఇంకో మెట్టు మీద రెండు, మరోదాని మీద మూడు. చర్చి పెట్టె కదా, కొవ్వొత్తి కారి ఉంటుందనుకున్నాను. అన్నీ గోటితో గీకేసి, వేణ్ణీళ్ల గుడ్డతో రుద్దేశాను. మాస్టారికి చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతని తోచలేదు.

శనివారం పొద్దున్న పెట్టెని గోనెలో చుట్టి, బస్సు టాపు మీద వేసుకుని బయల్దేరాం. తుడిచిందానివి నువ్వే చూపించుకో అని నన్ను కూడా తీసుకెళ్లారు మాస్టారు.

చర్చి అరుగు మీద పాస్టరుగారు ఎదురొచ్చారు. అందరూ అయ్యగారు అనేవారు. పెట్టె దించుతుండగానే ఆయన మాస్టారికి ఒక సంగతి చెప్పారు. ఆ చర్చిలో హార్మోనియం వాయించేది ఒక మామ్మగారు. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆదివారం పూట ఆ పెట్టె ముందు కూర్చోవడమే ఆవిడకి మిగిలింది. ఈమధ్య ఆవిడకి చూపు ఆనడం లేదని సంఘ పెద్దలకి అనుమానం వచ్చిందట. కొత్తగా వచ్చిన టీచరమ్మని ఆ చోట కూర్చోబెడదామంటున్నారట. "ఇవాళ ఎలాగూ వాయించి చూస్తారు కదండీ. తడబడితే రేపట్నుంచి మార్చేద్దామనుకుంటున్నామండి" అన్నారు అయ్యగారు. మర్యాదగానే అన్నారు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

మామ్మగారు వచ్చి చాప మీద కూర్చున్నారు. తెల్లచీర, సన్నటి మనిషి. ఎడంచేత్తో తిత్తి ఊదుతూ కుడిచేతి వేళ్లు మెట్ల మీద పెట్టారు. వాయించలేదు. వేళ్లు ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా జరిగాయి, మళ్లీ వెనక్కి వచ్చాయి. నేను ఎదురుగానే నిలబడ్డాను. నా తుడుపు చూసి మెచ్చుకుంటుందని నా ఆశ.

"పెట్టె బాగా తుడిచేరండి" అంది ఆవిడ, ఎవరి వైపూ చూడకుండా.

పొంగిపోయాను. అప్పుడావిడ ఒక పాట ఎత్తుకుంది. ఎత్తు మరీ పైనుంచి మొదలైంది. రెండో ముక్కకే గొంతు అందలేదు. ఆపేసింది. అయ్యగారు నేల చూశారు. మామ్మగారి వేళ్లు మళ్లీ వెతుకుతున్నాయి. మాస్టారు ఆ వేళ్ల వంక చూసి, నా పక్కకి వచ్చి వంగారు.

"ఏం తీసేవే?"

"మైనమండి. గీకేసేను" అన్నాను.

ఆయన నిటారుగా నిలబడ్డారు. అయ్యగారి వైపు తిరిగారు. "తప్పు నాదండి. ఇలాంటి పాతపెట్టెలకి మెట్ల మీద మైనం చుక్క ఉండాలండి. లేకపోతే మన ఉప్పుగాలికి చెమ్మ పట్టేసి పలుకు మారిపోద్ది. తెలిసుండీ నేనే తుడిపించేసేను. ఎవరు వాయించినా ఇలాగే అవుద్దండి."

"అలాగాండీ" అన్నారు అయ్యగారు.

"ఆయ్. ఎక్కడెక్కడ ఉండేవో మామ్మగారు చెబితే, ఈ పిల్ల పెట్టేస్తుందండి."

అయ్యగారే వెళ్లి కొవ్వొత్తి వెలిగించి తెచ్చారు. మామ్మగారు లోపల్లోపలే పాట అనుకుంటూ, ఒక్కో మెట్టూ నొక్కి చూసుకుంటూ చోటు చూపించింది. నేను మైనం కార్చాను. ఆరాధన పాటలు ఎత్తుకునే చోట ఒక చుక్క. పెళ్లి పాటలకి రెండు. మనిషిని పూడ్చేటప్పుడు పాడే భూస్థాపన పాటలు కిందినుంచి ఎత్తుకోవాలి, అక్కడ మూడు. ఆ సంగతి ఆవిడ నా ఒక్కదానికే వినబడేలా చెప్పింది. చివరి చుక్క ఆవిడ వేలి మీద పడింది. చెయ్యి తీయలేదు. మైనం ఆరాక అదే పాట మళ్లీ ఎత్తుకుంది. ఈసారి అయ్యగారు కూడా గొంతు కలిపారు.

తిరుగు బస్సులో నన్ను పనిలోంచి తీసేస్తారనే అనుకుంటూ కూర్చున్నాను.  దిగబోయే ముందు మాస్టారు, "ఇంకోసారి ఏదైనా గీకే ముందు, అది ఎవరు పెట్టుకున్నారో అడుగు" అన్నారు. అంతే. సోమవారం నుంచి వాయించడం మొదలుపెట్టించారు. నాకు పెద్దగా రాలేదు, అది వేరే సంగతి.

మామ్మగారు ఆ తర్వాత నాలుగేళ్లు వాయించారు. అయ్యగారు మాస్టారి మాట ఎంత నమ్మారంటే, ఉప్పుగాలికి మందని చెప్పి పక్క ఊరి చర్చివాళ్ల చేత కూడా మైనం చుక్కలు వేయించారు. మాస్టారు ఆ పెట్టెలు బాగుకి వచ్చినప్పుడల్లా ఆ చుక్కల జోలికి పోవద్దని నాకు చెప్పేవారు.

నా పెళ్లయింది, పిల్లలు పుట్టారు. చదువు మాత్రం రాలేదు. వంటింట్లో డబ్బాల మీద సున్నం బొట్లు పెట్టుకునేదాన్ని. ఉప్పుకి ఒకటి, పంచదారకి రెండు, బొంబాయి రవ్వకి మూడు. మా అబ్బాయి పెళ్లయిన వారానికి కోడలు, అంటే ఈ మనవరాలి తల్లి, ముచ్చటపడి డబ్బాలన్నీ తళతళా తోమి బోర్లించింది. ఆ డబ్బాల ముందు నిలబడితే నాకు చాప మీద కూర్చున్న మామ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ నోరు తెరిచి చెప్పుకోలేకపోయింది. నేను కోడల్ని పిలిచి చెప్పేశాను: "నాకు చదువు రాదమ్మా. ఆ బొట్లు చూసే నేను వండుతున్నాను."

ఆ పిల్ల నవ్వలేదు. సున్నం తెచ్చి, నేను చెప్పిన చోటల్లా బొట్టు పెట్టింది. పక్కనే చాక్‌పీసుతో పేరు రాసింది. అలా యాభయ్యో ఏట డబ్బాల మీదే నాకు అక్షరాలు వచ్చాయి. ఇప్పుడు పేపరు చదువుతాను, ఇదిగో, ఇలా రాస్తున్నాను కూడా. అయినా ఎవరింటికి వెళ్లినా, గోడ మీద గీత గానీ తలుపు మీద మరక గానీ కనిపిస్తే, ఇది ఎవరు పెట్టుకున్నారని అడిగాకే గుడ్డ పట్టుకుంటాను. చాదస్తం అంటారు. అననీ.