మృగశిర నాడు తీసిన వల

మా ముత్తాత నర్సింహారావు వీపనగండ్ల ప్రాంతానికి దేశ్‌ముఖ్. తాత వెంకటరావు గుర్రం మీద వస్తుంటే ఊరు లేచి నిలబడేది. నాకు మిగిలినవి ఒక చేపల గుంట, తాత గుర్రపు జీను.

నిరుడు మృగశిర కార్తెకు ఊరందరికీ చేపలిస్తానని మాటిచ్చాను. తెల్లారేసరికి గట్టు మీద జనం గిన్నెలతో నిలబడ్డారు. వల తీస్తే ప్రతి చేప ఒంటి మీదా ఎర్రటి పుండ్లు. బ్యాక్టీరియా రోగం.

"పుండు కోసి పారేస్తె అయిపాయె. కార్తెనాడు చేప తినకుంటె ఎట్ల దొరా?" అంటూ వల లాగిన రాములు గంపలో నింపబోయాడు.

అడ్డం నిలబడ్డాను. "ఒక్కటి గూడ గట్టు దాటొద్దు!"

"దొరలు మాటిస్తరు, గిన్నెలు ఖాళీగనే పోతయి!" అని వెనుక ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ మరచిపోలేదు.

చేపలను సున్నం చల్లి పూడ్పించాను. సాయంత్రంలోగా వనపర్తి నుంచి మంచి చేపలు తెప్పించి ఇంటింటికీ పంపాను. అందుకు ఆ జీను అమ్మాను.