తడి గోనెపట్టా కింద ఎడారి బల్లులు

మాది మండపేట. పోయిన వేసవిలో మా అమ్మాయి శ్రావణి తను పెంచుకునే రెండు ఎడారి బల్లుల్నీ వాటి గాజుపెట్టెనీ నాకు అప్పగించి, పరీక్షలు రాయడానికి రాజమండ్రి వెళ్లింది. అసలే ఎండలు మండిపోతుంటే పెట్టెలో వేడి బల్బు కూడానా అని జాలిపడి, బల్బు ఆపేశాను. మన కిటికీలకు కట్టుకున్నట్టే తడి గోనెపట్టా కప్పి, గంటకోసారి నీళ్లు చల్లాను.

మూడోనాడు పొద్దున చూస్తే ఒకటి కదలడం లేదు. రెండోది నోరు తెరిచి ఆయాసపడుతోంది. వెంటనే శ్రావణికి ఫోన్ చేసి, గోనె కప్పి నీళ్లు చల్లుతున్నా వాటికి వడదెబ్బ తగిలినట్టుందని చెప్పాను.

"ఎడారి బల్లికి వడదెబ్బేంటమ్మా! చలికీ తేమకీ అలా అయ్యుంటాయి. గోనె తీసెయ్యి. తడి ఇసుక తీసేసి పేపర్ పరిచి, బల్బు వెయ్యి."

"వాటిని పట్టుకోవాలి కదే!"

"పట్టుకో మరి. కరవవులే."

మీద బల్లి పడితేనే తలస్నానం చేసి దీపం పెట్టుకునేదాన్ని. కానీ నా చేతుల్లో ఆ ప్రాణాలు పోతే ఆ పాపం ఎక్కడ కడుక్కోను? "స్వామీ" అనుకుంటూ కదలనిదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. చల్లగా తగిలింది. పెట్టె ఆరబెట్టి, రెండింటినీ బల్బు దగ్గర ఉంచి, పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నానికి రెండోదాని ఆయాసం తగ్గింది. కదలనిది మెల్లగా తలెత్తింది.

నాకు హాయిగా ఉన్నదే అందరికీ హాయి అనుకున్నాను. ఏ ప్రాణమూ తీసుకోకుండానే నా తప్పు నాకు చూపించిన ఆ దేవుడికి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.