మామయ్య పేరు పెట్టాలనుకున్న మొక్క

మొన్న మా మరదలిని తీసుకురావడానికి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లినప్పుడు, ఒక పెద్దాయన సామానంతా బండిలో తోసుకొస్తూ టిఫిన్ డబ్బాను మాత్రం గుండెలకు హత్తుకుని బయటికి రావడం చూశాను. అంతే, నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

2011 వానాకాలంలో మా ఆయన కూడా అలాగే ఒక డబ్బాతో విమానం దిగారు. అందులో ఉన్నది తినేది కాదు, పడమటి కనుమల్లో ఒక చెట్టు బెరడు మీంచి తీసి తడిగుడ్డలో చుట్టిన పచ్చటి పాచి. అప్పుడు మేం రాజేంద్రనగర్‌లో ఉండేవాళ్లం, వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మా మేనత్త మాతోనే ఉండేది. లివర్‌వర్ట్‌లనే ఆ చిన్న మొక్కలంటే ఆమెకు ప్రాణం. చూడ్డానికి అన్నీ పాచే గానీ, వానలు దండిగా పడే వేడి ప్రాంతాల అడవుల్లో వీటిలో ఆకులున్న రకాలే లెక్కలేనన్ని. ఆకు అడుగున బుల్లి సంచి ఎలా ముడుచుకుంది, కాడ కింది వరస ఆకులకు చీలిక ఉందా లేదా అని చూసి అత్త వాటిని వేరుచేసేది, నాకూ అదే నేర్పింది. బస్సు కండక్టరైన ఆమె భర్త, మా మామయ్య, సెలవు పెట్టి మరీ ఆమె వెంట బుట్ట మోసేవాడు, ఈ పాచికి ఇన్ని పేర్లేందే అని ఆటపట్టించేవాడు.

మామయ్య పోయే ముందు చివరిసారి తన చేత్తో చెక్కి తెచ్చిన మొక్కను అత్త ఎండబెట్టి కాగితపు పొట్లంలో దాచింది. అది ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని కొత్త జాతి అని ఆమె నమ్మకం, దానికి మామయ్య పేరు పెట్టాలని ఆశ. తేలాలంటే ఆకు కణాల్లోని నూనె బొట్లు చూడాలి. మొక్క ఎండితే అవి మాయమవుతాయి, మళ్లీ తడిపితే ఆకులు విచ్చుకుంటాయి గానీ బొట్లు తిరిగి రావు. అందుకే అదే చెట్టు మీది పచ్చి మొక్క కావలసి వచ్చింది, మా ఆయన డబ్బాలో తెచ్చింది దాన్నే. ఈలోగా చక్కెర జబ్బు అత్త చూపును తినేసింది.

మైక్రోస్కోపు ముందు నేను కూర్చున్నాను, అత్త నా భుజం మీద చెయ్యేసి నిలబడింది. కణానికి ఒక్కటే పెద్ద బొట్టు ఉంటే కొత్తది, చిన్నవి బోలెడుంటే ఎప్పుడో పేరు పెట్టిన పాతదే. నాకు కనిపించినవి చిన్నవే. ఒక్కటే ఉందంటే ఆమె నమ్మేది. కానీ నాకు చూడటం నేర్పిన మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాక, ఉన్నదే చెప్పాను. ఇంకో ఆకు చూడమంది, చూశాను, మరొకటి చూడమంది.

"ఇగ చాలు బిడ్డా, పాత పేరే రాయి," అంది చివరికి. "ఆ పొట్లం మీద ఏరినోళ్ల పేరు రాసే కాడ నా పేరున్నది. అది కొట్టేసి మీ మామ పేరు రాయి."

మరుసటి ఏడు అత్త కూడా పోయింది. ఇప్పుడు చిటికెడు మొక్కను నూరి, జన్యువులు చూసి పేరు తేల్చేస్తున్నారు. తప్పులు తగ్గాయి, కాదనను, కానీ ఒకరు చూస్తూ చెబుతుంటే ఇంకొకరు ఊపిరి బిగబట్టి వినే ఆ రోజులు పోయాయి. ఆ పొట్లం ఏదో కళాశాల బీరువాలో వందల పొట్లాల మధ్య ఉంది. ఎప్పుడైనా ఎవరైనా తెరిచినా మొక్క పేరే చూస్తారు. కింద ఉన్న ఆ రెండో పేరు అక్కడికి ఎలా వచ్చిందో, ఆ రోజు అక్కడుండి చెప్పగలిగినదాన్ని ఇక నేనొక్కదాన్నే మిగిలాను.