నేను కత్తిరించిన ఎర్త్ తీగ

ఈ బరువు చాలా ఏళ్లుగా మోస్తున్నాను. నిన్నటిదాకా ఎవరితోనూ చెప్పలేదు. ఇప్పుడు రాసి పెట్టడానికి కారణం పశ్చాత్తాపం అంటే అబద్ధమవుతుంది. భయం. మొన్న హనుమాన్ జంక్షన్ నుంచి ఒక పాస్టరు గారు ఫోన్ చేశారు. నేను చేసిచ్చిన ఆంప్లిఫయర్ బాగానే పనిచేస్తోందట, మైకు పట్టుకుంటే మాత్రం వేళ్లు చిమచిమలాడుతున్నాయట. మెయిన్ ఆపేయండి, ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు అని అరిచాను. ఎందుకో చెప్పలేదు.

మీకు చెబుతాను.

నేను చదివింది పదో తరగతి. మిగిలినదంతా విజయవాడలో లైబ్రరీ బల్ల దగ్గర, నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాచను. ఆ గర్వంతోనే కంకిపాడు దగ్గర మా చర్చికి సొంతంగా ఆంప్లిఫయర్ కట్టాను. గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్ వేశాను. టొరాయిడల్ అంటారు. మధ్యలో చిల్లు, చుట్టూ రాగి తీగ. పాటలు నడిపించే సుశీలక్క దాన్ని చూసి, "ఏం ఇంజినీరు గారూ, గారె బాగా వేగిందా?" అని అందరినీ నవ్వించింది.

ఆన్ చేయగానే స్పీకర్లలో గుంయ్‌మని మోత. "నా పాట వెనకాల తేనెటీగల్ని కూర్చోబెట్టావేంటి తమ్ముడూ?" అంది. మళ్లీ నవ్వులు. నా చెవులు వేడెక్కాయి. ఇనప పెట్టెకు బిగించిన ఎర్త్ తీగ తీసేస్తే ఆ మోత పోతుందని చదివాను. అలా ఎప్పుడూ చేయకూడదని కూడా అదే పేజీలో ఉంది. చూడలేదని చెప్పుకోవచ్చు. చూశాను. కత్తిరించాను. మోత పోయింది. అందరూ ఎంత మెచ్చుకున్నారంటే, హనుమాన్ జంక్షన్ చర్చివాళ్లు కూడా ఒకటి చేయించుకున్నారు. దానికీ ఎర్త్ కత్తిరించాను.

మా చర్చి పెట్టెలో ఇంకో తప్పు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు తెచ్చే తీగ ఇనప రేకు చిల్లులోంచి లోపలికి వస్తుంది. అంచు కోయకుండా ఆ చిల్లుకు రబ్బరు బుష్ తొడగాలి. తర్వాత తొడుగుదాంలే అనుకున్నాను. అంచు నెమ్మదిగా తీగ తొడుగును కోసింది. ఎర్త్ ఉండి ఉంటే, కరెంటు రేకుకు తగిలిన క్షణమే ఫ్యూజు పోయి అంతటితో ఆగేది. ఎర్త్ లేదు. ఆ కరెంటు పెట్టెలోనూ, పెట్టె నుంచి మైకు తీగ వెంట మైకు ఒంట్లోనూ కాచుకుని కూర్చుంది. మా చర్చిలోకి చెప్పులు బయట విడిచి వస్తాం. ఆ ఆదివారం నేల అప్పుడే కడిగారు. సుశీలక్క వట్టి కాళ్లతో వచ్చి మైకు అందుకుంది.

ఆమె అరవలేదు. అదే నన్ను ఇప్పటికీ వణికిస్తుంది. నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు, పిడికిలి మైకును వదల్లేదు. చర్చి ఊడ్చి కడిగే అబ్రహాం గారు పరుగెత్తి మెయిన్ ఆపారు. ఆమె బతికింది. కుడి చేతి వేళ్లు రెండు ఇప్పటికీ సరిగ్గా ముడుచుకోవు.

ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాక అబ్రహాం గారు నా దగ్గరికి వచ్చారు.

"బాబూ, మిషన్లో ఏవన్నా తేడా ఉందంటావా?"

"మిషన్ బానే ఉందండీ. నేల తడిగా ఉంది కదా."

"అయ్యో దేవా... కడిగింది నేనే కదయ్యా."

అందరూ వెళ్లాక పెట్టె విప్పి, కోసుకుపోయిన తీగ మార్చి, బుష్ తొడిగి, ఎర్త్ మళ్లీ కలిపేశాను. చూడ్డానికి ఇక ఏమీ మిగల్లేదు. సంఘ పెద్దలు అబ్రహాం గారిని పనిలోంచి తీసేశారు.

దేనికి భయపడ్డాను? పోలీసులకా? లేక లైబ్రరీలో చదివి నేర్చుకున్నవాడికి ఏమీ రాదని నలుగురికీ తెలిసిపోతుందనా? రెండోదే అనుకుంటాను. అలా అనుకోవడానికే సిగ్గుగా ఉంది. హనుమాన్ జంక్షన్ వెళ్లి ఆ ఎర్త్ కూడా కలిపి రావచ్చు. ఎందుకు విప్పుతున్నావని అడిగితే ఏం చెప్పను? అందుకని వెళ్లలేదు. ఇన్నేళ్లూ ఆదివారం వచ్చిందంటే, ఈ పూట అక్కడ మైకు ఎవరు అందుకుంటున్నారో అనుకునేవాణ్ని.

నిన్న వెళ్లాను. ఎర్త్ కలిపాను. ఎందుకు కత్తిరించానో పాస్టరు గారికి చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా మైకు తీగ చుట్టడం మొదలుపెట్టారు. బస్సులో వస్తూ ఊపిరి గట్టిగా పీల్చుకోగలిగాను. అంతే నాకు దక్కింది.

నా పేరు రాయడానికి ధైర్యం చాలడం లేదు. కింది పేర్లు చూస్తే మావాళ్లకు నేనెవరో తెలిసిపోతుంది. తెలియాలనే రాస్తున్నాను. అడిగిన పుస్తకమల్లా వెతికి తెచ్చిన లైబ్రేరియన్ వెంకటరత్నం గారికి, టంకం పెట్టడం నేర్పిన మస్తాన్‌కు, సుశీలక్కను తన ఆటోలో ఆసుపత్రికి చేర్చిన ఏసుబాబుకు, నన్ను ఈనాటికీ తమ్ముడూ అనే పిలిచే సుశీలక్కకు, మెయిన్ ఆపి ఆమె ప్రాణం నిలిపిన అబ్రహాం గారికి కృతజ్ఞతలు.

అబ్రహాం గారూ, మీరు నేల కడగడంలో తప్పేమీ లేదు. తప్పు చేసింది నేను.